ఎం.బి.ఏ. ఎలక్టివ్‌లు: జాబితాలో ఉన్నవి, తరగతిలో దొరికేవి

మూడో సెమిస్టరు మొదలయ్యే వారంలో మా డిపార్ట్‌మెంట్ గుమ్మం పక్కన ఒక కాగితం అంటిస్తారు. దాని మీద ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్.ఆర్., ఆపరేషన్స్ అని నాలుగు నిలువు వరసలు, ఒక్కో వరస కింద మూడేసి పాఠ్యాంశాల పేర్లు, వాటి కింద సంతకాలకు ఖాళీ గడులు ఉంటాయి. 60 మంది విద్యార్థులు దాని చుట్టూ గుమిగూడి, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తూ, ముందుగా చదివేది పాఠ్యాంశాల పేర్లు కాదు. తమ స్నేహితుల సంతకాలు ఏ వరసలో పడ్డాయో వెతుక్కుంటారు. మొన్నటి బ్యాచ్‌లో సాయంత్రం కాగితం తీసి లెక్కపెట్టినప్పుడు ఫైనాన్స్ కింద 28, మార్కెటింగ్ కింద 17, ఆపరేషన్స్ కింద 9, హెచ్.ఆర్. కింద 6 సంతకాలు ఉన్నాయి. కనీసం 15 మంది లేనిదే ఏ స్పెషలైజేషనూ నడపకూడదని మా కాలేజీ నియమం కనుక, మర్నాడు ఆపరేషన్స్, హెచ్.ఆర్. ఎంచుకున్న 15 మందినీ పిలిచి మిగిలిన రెండింటిలో ఏదో ఒకటి తీసుకోమన్నారు.

ఆపరేషన్స్ ఎంచుకున్న తొమ్మిది మందిలో ఒక అమ్మాయి తండ్రికి బేగంబజారులో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం ఉంది. సరుకు ఎప్పుడు తెప్పించాలి, ఎంత నిల్వ ఉంచాలి, లారీ రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది అన్న ప్రశ్నలు ఆమెకు పుస్తకంలోంచి రాలేదు, ఇంట్లోంచి వచ్చాయి. సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదవడానికే ఎం.బి.ఏ.లో చేరానని మొదటి సెమిస్టరులోనే నాతో చెప్పింది. విశ్వవిద్యాలయం సిలబస్ పుస్తకంలో ఆ పాఠ్యాంశం ఉంది, కాలేజీ బ్రోషరులో ఉంది, గోడ మీది కాగితంలోనూ ఉంది, తరగతి గదిలో మాత్రం లేదు. ఆమె మార్కెటింగ్‌లో చేరింది. అప్పటి నుంచి ఎలక్టివ్‌ల గురించి విద్యార్థులు, తల్లిదండ్రులు అడిగినప్పుడు "ఏది మంచిది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు, అసలు ఎలక్టివ్ అనేది ఎలా ఏర్పడుతుందో వివరించడం నాకు అలవాటైంది. ఈ వ్యాసం ఆ వివరణే.

ఎం.బి.ఏ. పాఠ్యక్రమంలో రెండు రకాల పాఠ్యాంశాలు ఉంటాయి. అందరూ తప్పనిసరిగా చదవవలసినవి కోర్ పాఠ్యాంశాలు: అకౌంటింగ్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్ ప్రాథమికాంశాలు, సంస్థాగత ప్రవర్తన, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ వంటివి. విద్యార్థి ఎంచుకునేవి ఎలక్టివ్‌లు. ఒకే రంగానికి చెందిన ఎలక్టివ్‌లను నిర్ణీత సంఖ్యలో పూర్తి చేస్తే దాన్ని స్పెషలైజేషన్ అంటారు. రెండేళ్ళ కోర్సులో మొదటి ఏడాది దాదాపు పూర్తిగా కోర్‌కు, రెండో ఏడాది ఎక్కువ భాగం ఎలక్టివ్‌లకు కేటాయించడం చాలా చోట్ల స్థిరపడిన పద్ధతి. 1908లో ఎం.బి.ఏ. చదువును ప్రారంభించిన హార్వర్డ్‌లో నేటికీ మొదటి సంవత్సరం అందరికీ ఒకటే, రెండో సంవత్సరం ఎవరి ఎంపిక వారిది. అదే విశ్వవిద్యాలయంలో 1869లో అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ డిగ్రీ విద్యార్థులకు పాఠ్యాంశాలను ఎంచుకునే స్వేచ్ఛను విస్తృతంగా కల్పించాడు. ఒక విద్యార్థి ఏం నేర్చుకోవాలో అతని కంటే సంస్థకే బాగా తెలుసా అన్న వాదన అప్పుడు ఊపందుకుని ఇంకా ముగియలేదు. షికాగో విశ్వవిద్యాలయపు బూత్ స్కూల్ ఆ వాదనలో స్వేచ్ఛ వైపు చివరిదాకా వెళ్ళింది: అక్కడ నాయకత్వానికి సంబంధించిన ఒకే ఒక్క కోర్సును అందరూ కచ్చితంగా ఒకే విధంగా చదవాలి, మిగిలినవాటిలో ఒక్కో అంశానికి అనేక ప్రత్యామ్నాయాలు ఉంటాయి.

హైదరాబాదులో ఈ రెండు కొసలకూ మధ్య ఉన్న రకాలన్నీ ఒకే నగరంలో కనిపిస్తాయి. గచ్చిబౌలిలో 2001లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏడాది కార్యక్రమంలో ఎనిమిది టర్మ్‌లు ఉంటే, మొదటి నాలుగు కోర్‌కు, తరువాతి నాలుగు ఎలక్టివ్‌లకు. అక్కడ విద్యార్థులు తమకిచ్చిన పాయింట్లతో సీట్ల కోసం బిడ్డింగ్ చేస్తారు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ వంటి పి.జి.డి.ఎం. (మేనేజ్‌మెంట్‌లో పి.జి. డిప్లొమా) సంస్థలు తమ పాఠ్యాంశాలను తామే రూపొందించుకుని, తామే మార్చుకోగలవు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ చదువు విశ్వవిద్యాలయ విభాగంలోనే జరుగుతుంది కనుక సిలబస్ రాసేవారు, పాఠం చెప్పేవారు ఒకరే. ఇక ఐసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా చేరే విద్యార్థుల్లో అత్యధికులు చదివే ఉస్మానియా, జె.ఎన్.టి.యు. అనుబంధ కళాశాలల్లో సిలబస్‌ను విశ్వవిద్యాలయపు బోర్డ్ ఆఫ్ స్టడీస్ నిర్ణయిస్తుంది, చివరి పరీక్ష ప్రశ్నపత్రాన్ని విశ్వవిద్యాలయమే ఇస్తుంది, ఆ జాబితాలోంచి ఏది నడపాలో కాలేజీ తేల్చుకుంటుంది. "ఎలక్టివ్" అన్న ఒకే మాట ఈ చోట్లన్నింటిలో వాడుకలో ఉంది గాని, ఒక్కో చోట దాని అర్థం ఒక్కో రకం. గచ్చిబౌలిలో చదివిన అన్నయ్య సలహాను ఘట్‌కేసర్‌లోని అనుబంధ కళాశాలలో చదివే తమ్ముడు పాటించబోయి చిక్కుల్లో పడేది ఇక్కడే.

అనుబంధ కళాశాలల్లో జాబితాలోని పేర్లు తరగతిలోకి ఎందుకు రావన్నదాన్ని కొంత లెక్కతో చూడాలి. ఏడాదికి 60 సీట్లున్న కాలేజీలో రెండేళ్ళకూ కలిపి 120 మంది ఉంటారు. సాంకేతిక, మేనేజ్‌మెంట్ చదువులను నియంత్రించే ఏ.ఐ.సి.టి.ఇ. నిబంధన ప్రకారం మేనేజ్‌మెంట్ కోర్సుల్లో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి, అంటే ఆరుగురు సరిపోతారు. నాలుగు స్పెషలైజేషన్లనూ పూర్తిగా నడిపితే మూడో సెమిస్టరులో ఎలక్టివ్‌లే 12 అవుతాయి. మొదటి ఏడాది వారి కోర్ పాఠ్యాంశాలు ఏడు, రెండో ఏడాది వారి ఉమ్మడి పాఠ్యాంశాలు రెండు కలిపితే మొత్తం 21. వారానికి నాలుగు గంటల చొప్పున ఇవి 84 గంటలు. యు.జి.సి. ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అంతకు పై స్థాయివారు 14 గంటలు పాఠం చెప్పాలి కనుక గంటల లెక్కన చూస్తే ఆరుగురితో ఇదంతా సరిపోయేలాగే ఉంటుంది. యాజమాన్యాలు చూపించే లెక్క కూడా ఇదే. కాని పాఠం చెప్పే మనిషి గంటలను కాదు, పాఠ్యాంశాలను మోస్తాడు. 21 పాఠ్యాంశాలను ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి మూడున్నర వస్తాయి. సోమవారం ఉదయం డెరివేటివ్స్, మధ్యాహ్నం ఎకనామిక్స్, మంగళవారం బ్యాంకింగ్, మళ్ళీ మరో పేపరు చెప్పవలసిన అధ్యాపకుడు ఏ ఒక్కదాన్నీ లోతుగా సిద్ధం చేసుకోలేడు. రెండు స్పెషలైజేషన్లే నడిపితే పాఠ్యాంశాలు 15కు, తలసరి బరువు రెండున్నరకు తగ్గుతాయి. కనీస సంఖ్య నియమం వెనుక ఖర్చు తగ్గించుకునే ఆలోచన ఉన్న మాట నిజమే అయినా, ఈ రెండో కారణం కూడా నిజమేనని నా తోటి అధ్యాపకుల తరఫున చెప్పక తప్పదు.

అయితే నియమం అవసరమే అనుకున్నా, ఆ నియమాన్ని అమలు చేసిన తీరు సరైనది కాదని నాకు తరువాత అర్థమైంది. సెమిస్టరు మధ్యలో ఒక రోజు తరగతిలో అందరికీ తెల్ల కాగితాలిచ్చి, నాలుగు స్పెషలైజేషన్లూ తప్పకుండా నడుస్తాయని భరోసా ఉండి ఉంటే దేన్ని మొదట, దేన్ని రెండోది అనుకునేవారో రాయమన్నాను. ఫైనాన్స్ వరసలో సంతకం పెట్టినవారిలో 11 మంది మొదటి స్థానంలో ఆపరేషన్స్ రాశారు. అడిగితే అందరూ చెప్పిన కారణం ఒకటే: "అది ఓపెన్ అవ్వదని సీనియర్లు చెప్పారు సార్, తరువాత ఎక్కడ పడేస్తారో తెలియదు కదా." తొమ్మిదికి పదకొండు కలిస్తే ఇరవై. 15 మంది కావలసిన చోట 20 మంది కోరుకున్న స్పెషలైజేషన్, నడవదన్న భయం వల్లే నడవలేదు. అది నడవలేదు కనుక వచ్చే ఏడాది సీనియర్లు మళ్ళీ అదే మాట చెబుతారు.

ఇది మా ఒక్క కాలేజీ సమస్య కాదు, ఎంపికలను సేకరించే పద్ధతికి సంబంధించిన సమస్య. అర్థశాస్త్రంలో దీని మీద చాలా లోతైన పని జరిగింది, అందులో కొంత బిజినెస్ స్కూళ్ళ ఎలక్టివ్‌ల మీదే జరిగింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు బిడ్డింగ్ ఎలా పనిచేస్తుందో చూడాలి.

ప్రతి విద్యార్థికీ 1000 పాయింట్లు ఇచ్చారనుకుందాం. ఇవి డబ్బు కావు, ఎలక్టివ్‌ల మీద తప్ప మరెక్కడా చెల్లవు. ఒక తరగతిలో 60 సీట్లుండి 85 మంది బిడ్ చేస్తే, బిడ్లను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి మొదటి 60 మందికి సీట్లిస్తారు. 60వ స్థానంలో ఉన్న బిడ్ ఎంతో అదే ఆ తరగతి ధర. సీట్ల కంటే తక్కువ మంది అడిగిన తరగతికి ధర ఉండదు. చూడటానికి ఇది న్యాయంగానే ఉంటుంది: ఎవరికి ఎక్కువ కావాలో వారు ఎక్కువ పాయింట్లు పెడతారు. కాని బిడ్ పెట్టే విద్యార్థి తనకు ఆ పాఠ్యాంశం ఎంత ఇష్టమో మాత్రమే కాక, మిగిలినవారికి అది ఎంత ఇష్టమో కూడా ఊహించాలి. 60 పాయింట్లకు దొరికేదానికి 400 పెట్టినవాడు ఆ మేరకు మరో చోట చేతులు ఖాళీ చేసుకున్నట్టే.

ఇందులో ఇంకా సూక్ష్మమైన లోపాన్ని తైఫున్ సోన్‌మెజ్, ఉట్కు ఉన్వర్ అనే ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. దాన్ని మన పేర్లతో చెప్పుకుందాం. ఒక విద్యార్థినికి ఇన్సూరెన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్ అన్నిటికంటే ఇష్టం, బ్రాండ్ మేనేజ్‌మెంట్ రెండో ఇష్టం, రెండు తరగతులూ ఒకే సమయానికి ఉన్నాయి. ఇన్సూరెన్స్‌కు పోటీ లేదని ఆమెకు తెలుసు, అందుకే 100 పాయింట్లు చాలనుకుంది. ఒకవేళ అది దొరక్కపోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలని, పోటీ తీవ్రంగా ఉన్న బ్రాండ్ మేనేజ్‌మెంట్ మీద 550 పెట్టింది. చివరికి ఇన్సూరెన్స్ ధర 50కి, బ్రాండ్ ధర 500కి తేలింది. రెండు చోట్లా ఆమె బిడ్ ధర కంటే ఎక్కువే. కాని యంత్రం బిడ్లన్నింటినీ పెద్దదాని నుంచి చిన్నదానికి చూసుకుంటూ వస్తుంది కనుక, ముందు 550 కనిపించి బ్రాండ్ సీటు ఇచ్చేసింది. 100 దగ్గరికి వచ్చేసరికి ఆ సమయం నిండిపోయిందని ఇన్సూరెన్స్‌ను తిరస్కరించింది. తనకు అందుబాటులో ఉన్నదీ, తాను ఎక్కువగా కోరుకున్నదీ ఆమెకు దక్కలేదు. లోపం ఎక్కడుందంటే, ఒకే అంకెను రెండు పనులకు వాడారు. సీటు కోసం నిలబడ్డ వరసలో ఎవరు ముందు అన్నది ఒక ప్రశ్న, ఆమెకు రెండింటిలో ఏది ఎక్కువ ఇష్టం అన్నది వేరే ప్రశ్న. బిడ్ మొదటిదానికి మాత్రమే జవాబు; రెండోది ఆమెనే విడిగా అడగాలి. బిడ్లతో పాటు ప్రాధాన్య క్రమాన్ని కూడా తీసుకుని, 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు పరిశోధకులు రూపొందించిన పద్ధతిలో సీట్లను సర్దితే ఈ నష్టం తప్పుతుందని వారు చూపించారు. ఈ తరహా సర్దుబాటు సిద్ధాంతానికే 2012లో లాయిడ్ షాప్లీ, ఆల్విన్ రాత్‌లకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో పాయింట్లు ఉండవు. విద్యార్థులు తమ ఎంపికలను వరుసగా రాసిస్తే, కంప్యూటరు లాటరీ తీసి ఒక క్రమం వేస్తుంది. మొదటి విడతలో ఆ క్రమంలో, రెండో విడతలో సరిగ్గా తలకిందులుగా, ఒక్కొక్కరికి ఒక్కో కోర్సు కేటాయిస్తూ పోతుంది. అర్థశాస్త్రజ్ఞులు ఎరిక్ బుడిష్, ఎస్టెల్ కాంటియాన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో అక్కడి విద్యార్థులు కూడా నిజం రాయడం లేదని తేలింది. నిజంగా ఇష్టమైనదాన్ని కాక, త్వరగా నిండిపోయేదాన్ని ముందు రాస్తున్నారు. అందరూ అలా రాయడం వల్ల అవి ఇంకా త్వరగా నిండిపోతున్నాయి. వార్టన్ స్కూల్ 2013లో తన పాత వేలం పద్ధతిని వదిలేసి, బుడిష్ సిద్ధాంతం మీద నిర్మించిన కొత్త పద్ధతికి మారింది. అక్కడ విద్యార్థి బిడ్ పెట్టడు. ఒక్కో కోర్సు తనకు ఎంత విలువైనదో అంకెల్లో చెబుతాడు. ధరలు ఊహించే భారం కంప్యూటరుది. దాదాపు సమానమైన బడ్జెట్లతో ఎవరికి వారు కొనుక్కోగలిగిన ఉత్తమమైన కోర్సుల సమూహం ఏదో అదే లెక్కగట్టి ఇస్తుంది. నిజం చెప్పిన విద్యార్థి నష్టపోకుండా ఉండటమే ఈ ప్రయత్నాలన్నింటి లక్ష్యం.

ఇంత దూరం వెళ్ళి మళ్ళీ మా గుమ్మం దగ్గరికి వస్తే, మా కాగితం చేసే తప్పు స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిది, అది ఒక్క సంతకమే అడుగుతుంది, రెండో ఎంపిక అడగదు. అందువల్ల ఒక స్పెషలైజేషన్ మూతపడితే ఆ విద్యార్థులు ఎటు వెళ్ళాలనుకుంటున్నారో ఎవరికీ తెలియదు. రెండోది, అది గోడ మీద అందరికీ కనిపిస్తుంది. మొదట వచ్చిన పదిమంది సంతకాలు చూసి తరువాతి వారు తమ ఎంపిక మార్చుకుంటారు. మూడోది, అది అడిగేది కోరికను, కొలిచేది భయాన్ని. దీన్ని సరిదిద్దడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ప్రతి విద్యార్థీ నాలుగింటికీ 1, 2, 3, 4 అని అంకెలు వేసి మూసిన కవరులో ఇస్తే చాలు. "నడిచే పక్షంలో నాకు కావలసినది" అన్నదాన్ని నిర్భయంగా రాయవచ్చు, ఎందుకంటే అది నడవకపోతే తన రెండో ఎంపికకే వెళతానన్న హామీ ఉంటుంది. 60 కవర్లు విప్పి లెక్కపెట్టడం అరగంట పని.

కాలేజీ ఏం చేయాలన్నది ఒక సగం. విద్యార్థి ఏం చూడాలన్నది రెండో సగం, అందులో అన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చేది పాఠ్యాంశాల మధ్య ఉండే పునాది సంబంధం. డెరివేటివ్స్‌కు ముందు ఎస్.ఎ.పి.ఎం., దానికి ముందు మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ బాగా వచ్చి ఉండాలి. ఎస్.ఎ.పి.ఎం. అంటే సెక్యూరిటీ అనాలిసిస్ అండ్ పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్; దాని గుండెకాయ 1952లో హ్యారీ మార్కోవిట్జ్ చెప్పిన ఒక ఆలోచన. నేను దాన్ని ఇలా మొదలుపెడతాను: వానాకాలంలో కట్టడాలు మందగించి సిమెంటు అమ్మకాలు తగ్గుతాయి, అదే కాలంలో ఖరీఫ్ సాగు వల్ల ఎరువుల అమ్మకాలు పెరుగుతాయి, మరి ఈ రెండు రకాల కంపెనీల షేర్లనూ కలిపి ఉంచుకుంటే మొత్తం ఒడుదొడుకు ఏమవుతుంది? ఈ ప్రశ్న వరకు తరగతి అంతా నాతోనే ఉంటుంది. రెండింటి రాబడుల కోవేరియన్స్‌ను, అంటే అవి కలిసి ఎలా పెరిగి తగ్గుతాయో చెప్పే కొలతను, బోర్డు మీద లెక్కగట్టడం మొదలుపెట్టగానే వెనుక రెండు వరసల్లో పెన్నులు ఆగిపోతాయి. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. బి.ఏ. చదివి, మనుషులతో మాట్లాడటంలో, రాయడంలో మంచి నేర్పున్న పిల్లలు. ఫైనాన్స్ అయితే జీతం ఎక్కువని ఎవరో చెబితే ఆ వరసలో సంతకం పెట్టారు. స్టాటిస్టిక్స్‌లో వచ్చిన మార్కుల మెమోను ఎదురుగా పెట్టుకుని ఆ నిర్ణయం తీసుకుని ఉంటే, చేరేవారు మొదటి నెలలోనే పాత నోట్సు తీసి చదివేవారు, లేదా వేరే దారి చూసుకునేవారు.

పాఠ్యాంశం పేరును కూడా పూర్తిగా నమ్మకూడదు. బిజినెస్ అనలిటిక్స్ అన్న పేరుతో ఒక చోట ఎక్సెల్ షీట్లు నేర్పుతారు, మరో చోట రిగ్రెషన్, పైథాన్ నేర్పుతారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అదే పేరుతో పూర్తి ఎం.బి.ఏ. కోర్సే ఉంది. సొంతంగా పాఠ్యక్రమం రాసుకునే సంస్థల్లో అధ్యాపకుడు తయారుచేసే కోర్సు అవుట్‌లైన్ చదివితే ఏ వారం ఏం చెబుతారో, మార్కులు దేనికి ఎన్నో తెలుస్తుంది. అనుబంధ కళాశాలల్లో దానికి బదులు యూనిట్ల వారీ సిలబస్, గత ప్రశ్నపత్రాలు చూడాలి. కోఠీలో పాత పుస్తకాల అంగళ్ళలో కన్స్యూమర్ బిహేవియర్ గైడ్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి; అంతగా ఎవరూ తీసుకోని పేపరుకు ఒక్క గైడు కూడా దొరకదు. విద్యార్థులు ఎలక్టివ్‌ను ఆ అంగడి ముందు నిలబడి నిర్ణయించుకున్న సందర్భాలు నాకు తెలుసు. వారిని నేను తప్పుపట్టను, పరీక్షలో తప్పితే ఏడాది పోతుందన్న భయం నిజమైనది. కాని గైడు దొరకని పేపరులో, పాఠం చెప్పే మనిషికి ఆ విషయం మీద పట్టుంటే, మంచి నోట్సు, సందేహాలు తీర్చుకునే సమయం రెండూ దొరుకుతాయి. అందుకే పేరు కంటే ముందు "ఎవరు చెబుతున్నారు?" అని అడగాలి.

ఉద్యోగాల సంగతి ఎవరూ అడగకుండా ఉండరు. ఇక్కడ క్యాలెండరును జాగ్రత్తగా చూడాలి. రెండేళ్ళ కోర్సులో వేసవి ఇంటర్న్‌షిప్ రెండో సెమిస్టరు తరువాత వస్తుంది, అప్పటికి విద్యార్థి ఒక్క ఎలక్టివ్ కూడా చదివి ఉండడు. క్యాంపస్ నియామకాలు మూడో సెమిస్టరులోనే మొదలైతే, ఇంటర్వ్యూ నాటికి అతను చదివింది ఎలక్టివ్‌ల మొదటి యూనిట్లే. కనుక మొదటి ఉద్యోగం ఎలక్టివ్ పేరు మీద కంటే కోర్ పాఠ్యాంశాల మీద, ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని మీద, డిగ్రీ నేపథ్యం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఎలక్టివ్ ప్రభావం ఆ తరువాత, ఉద్యోగంలో ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారాలనుకున్నప్పుడు కనిపిస్తుంది. నా దగ్గర చదివి బ్యాంకింగ్ రంగంలో స్థిరపడినవారు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు చూస్తే, ఆనాడు వారు మార్కుల కోసం దాటేసిన అధ్యాయాలే నాలుగైదేళ్ళ తరువాత వారికి అవసరమవుతున్నాయి.

ఈ నగరానికి సంబంధించి నన్ను ఎక్కువగా బాధించే విషయం మరొకటి ఉంది. దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ అయిన ఐ.ఆర్.డి.ఎ.ఐ. ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. బీమా చదువు కోసమే 2002లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్ ఇక్కడే ఉంది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ, నగరం చుట్టూ మందుల కంపెనీలు, పటాన్‌చెరులో 1972 నుంచి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో అగ్రిబిజినెస్‌లో ప్రత్యేకంగా పి.జి.డి.ఎం. నడిపే మేనేజ్ సంస్థ ఉన్నాయి. ఇంత ఉన్న ఊళ్ళో, ఏటా వేలమంది ఎం.బి.ఏ. విద్యార్థులు అవే రెండు మూడు స్పెషలైజేషన్లలో సర్దుకుంటున్నారు. బీమా, ఫార్మా మార్కెటింగ్, వ్యవసాయ సరఫరా వంటివి ఏ కాలేజీలోనూ ఒంటరిగా 15 మందిని చేర్చలేకపోవచ్చు. కాని ఒకే విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, పది కిలోమీటర్ల లోపు నాలుగు కాలేజీలున్న చోట, ఒక్కో కాలేజీ నుంచి ఐదారుగురు వచ్చినా ఒక తరగతి నిండుతుంది. శనివారం పూట ఏదో ఒక కాలేజీలో ఉమ్మడి ఎలక్టివ్ నడపడానికి కావలసింది హాజరు పట్టీలు, ఇంటర్నల్ మార్కులు పంచుకునే ఒప్పందం మాత్రమే.

అది జరిగే వరకు ఉన్న ఒక దారి స్వయం. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఆన్‌లైన్ వేదికలో, ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పే మేనేజ్‌మెంట్ కోర్సులు అనేకం ఉన్నాయి. సప్లై చైన్ కూడా ఉంది. పాఠాలు వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాయాలి. తుది మార్కుల్లో వారం వారం చేసే అసైన్‌మెంట్లకు 25 శాతం, ఆ పరీక్షకు 75 శాతం. ఒక సెమిస్టరులో ఒక కార్యక్రమానికి సంబంధించిన కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవడానికి అనుమతించవచ్చని యు.జి.సి. 2021 నిబంధనల్లో చెప్పింది. అనుమతించవచ్చు అన్న మాటను విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకోవాలి. తమ విశ్వవిద్యాలయం ఆ కోర్సును ఏ పేపరుకు బదులుగా, ఎన్ని క్రెడిట్లకు అంగీకరిస్తుందో సెమిస్టరుకు ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోకపోతే, పరీక్ష పాసైన తరువాత కూడా ఆ క్రెడిట్లు మెమోలో చేరకపోవచ్చు. పన్నెండు వారాల కోర్సుకు నమోదు గడువు మన సెమిస్టరు తేదీలతో కలవకపోవడం మరో ఇబ్బంది. మూడో సెమిస్టరుకు కావలసిన కోర్సు కోసం రెండో సెమిస్టరు పరీక్షల సమయంలోనే వెతకడం మొదలుపెట్టాలి.

బేగంబజారు అమ్మాయికి ఈ దారి గురించి నేను చెప్పేసరికి ఆ ఏడాది నమోదు గడువు దాటిపోయింది. నాలుగో సెమిస్టరులో క్రెడిట్లతో నిమిత్తం లేకుండానే ఆ కోర్సులో చేరి, తండ్రి గోదాములోని కందిపప్పు నిల్వల లెక్కనే అసైన్‌మెంటుగా చేసుకుని నాకు చూపించింది. వచ్చే జూన్‌లో అంటించబోయే కాగితానికి బదులు కవర్లు తీసుకోవాలని, వాటిలో స్వయం ద్వారా చదవగల ఎలక్టివ్‌లకు కూడా ఒక వరస చేర్చాలని, నడవని స్పెషలైజేషన్ పేరును బ్రోషరులో వేయకూడదని మూడు అంశాలు రాసి మా హెచ్.ఓ.డి. గారికి ఇచ్చాను. మొదటిదానికి ఆయన ఒప్పుకున్నారు. మిగిలిన రెండూ అకడమిక్ కమిటీ ముందు ఉన్నాయి.